స్టీరియో వెడల్పు: హెడ్‌ఫోన్స్‌లో ఊరంత, మైక్ సెట్‌లో హార్మోనియమే లేదు

గోదారిగట్టు

అందరికీ నమస్కారం. మా ఊరి కోలాటం బృందం పాటలు రికార్డ్ చేసే పని నాది. పాడే ఆవిడ గొంతు, వెనక నలుగురి వంత, హార్మోనియం, డోలక్, తాళాలు. ఉన్నది ఒకటే మైకు కాబట్టి అన్నీ విడివిడిగా మోనోలో, అంటే ఒకే ఛానల్‌లో తీసినవే. రీపర్ అనే మిక్సింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి వింటే అంతా నెత్తి మధ్యలో ముద్దగా ఉంటోంది. అందుకని వెడల్పు కోసం రకరకాలుగా చేసి చూస్తున్నాను.

గొంతు ట్రాక్‌ని కాపీ చేసి ఒకటి పూర్తిగా ఎడమకి, ఒకటి పూర్తిగా కుడికి తోసి, కుడిదాన్ని 15 మిల్లీసెకన్లు ఆలస్యం చేశాను. హార్మోనియం రెండు వైపులా అదే ట్రాక్ పెట్టి ఒకవైపు ఫేజ్ తిప్పేశాను, అంటే అలని తిరగేశాను. చివర్లో మాస్టర్ మీద, అంటే మొత్తం మిక్స్ మీద, వెడల్పు పెంచే వైడనర్ పెట్టి సైడ్ (ఎడమ కుడి మధ్య తేడా భాగం) 6 డీబీ పెంచాను.

హెడ్‌ఫోన్స్‌లో అదిరిపోయింది, హార్మోనియం చెవుల బయట ఎక్కడో మోగుతోంది. అదే ఫైలు గుడి దగ్గర మైక్ సెట్‌లో వేస్తే హార్మోనియం మాయం, గొంతు బోలుగా, లోపల ఏమీ లేనట్టు. ఇంట్లో రెండు చిన్న స్పీకర్లున్నాయి. వాటిలో వెడల్పు ఉంది కానీ కాసేపు వింటే ఏదో ఇబ్బందిగా ఉంది.

హెడ్‌ఫోన్స్‌లో, స్పీకర్లలో, రెండింటా నిలబడే ఎఫెక్ట్ అసలు ఉందా? క్రాస్‌ఫీడ్ అని ఎక్కడో చదివాను, అది దీనికి మందేనా?

పాతటేపు

తమ్ముడూ, మైక్ సెట్ అతను ఎడమ కుడి కలిపి ఒకే వైరు చేసి యాంప్లిఫయర్‌లో గుచ్చి ఉంటాడు. తిరునాళ్లలో అంతా అంతే. హారన్లు చెట్టుకొకటి కట్టిన చోట అదే న్యాయం కూడా, లేకపోతే ఒకవైపు జనానికి గొంతు, ఇంకోవైపు జనానికి డోలక్. మిక్స్ చేసేటప్పుడే మోనో బటన్ నొక్కి విను.

ఇంకోటి. రెండు అవుట్‌పుట్లని ఉత్త వైరుతో కలిపేయడం మంచిది కాదు, ఒకదాన్ని ఒకటి లాగుతాయి. ఒక్కోవైపు 1 కిలో ఓమ్ రెసిస్టర్ వేసి కలపమను. లేదంటే అతనికి మోనో ఫైలే చేసివ్వు, గొడవ వదులుతుంది.

సిగ్నల్‌సారు

గోదారిగట్టు గారూ, మీరు చేసిన మూడింటికీ మూడు వేరే లెక్కలున్నాయి.

హార్మోనియం సంగతి తేలిక. ఒకవైపు సిగ్నల్, రెండోవైపు దాని తిరగేత. కలిపితే సున్నా. ఎంత గట్టిగా వాయించినా సున్నాయే.

గొంతు అలా కాదు. 15 మిల్లీసెకన్ల తేడాతో రెండు కాపీలు కలిస్తే కొన్ని చోట్ల మాత్రమే రద్దవుతాయి: 33 హెర్ట్జ్, 100, 167, 233, 300, 367, ఇలా సుమారు ప్రతి 67 హెర్ట్జ్‌కి ఒక గొయ్యి. కోంబ్ ఫిల్టర్ అంటారు. ఆడవాళ్ల గొంతు మూలస్వరం ఎక్కువగా 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య తిరుగుతుంది. రాగం పైకీ కిందికీ వెళ్తుంటే ఒక్కో స్వరం గోతిలో పడుతుంది, పక్క స్వరం గట్టున నిలబడుతుంది. మీరు బోలు అన్నది అదే.

అసలు ఆ 15 మిల్లీసెకన్లతో గొంతు వెడల్పు కాలేదు, ఎడమకి జరిగింది. కళ్లు మూసుకుని మళ్లీ వినండి. హెల్ముట్ హాస్ 1949లో గొట్టింగెన్‌లో తన పరిశోధనలో చూపించింది ఇదే: ఏ వైపు శబ్దం ముందు చేరితే చెవి ఆ దిశనే నమ్ముతుంది. 30 మిల్లీసెకన్ల లోపు వచ్చే రెండో శబ్దం వేరే ప్రతిధ్వనిగా తెలియదు, మొదటిదానిలో కలిసి దాన్ని కాస్త లావు చేస్తుంది. రెండోది మొదటిదానికన్నా గట్టిగా ఉన్నా కొంతవరకు ఇంతే. ఈ లావుని మనం వెడల్పు అనుకుంటాం.

ఇక సైడ్ పెంచడం. ఎడమ, కుడి కలిపి సగం చేస్తే మిడ్. ఎడమలోంచి కుడి తీసేసి సగం చేస్తే సైడ్. 6 డీబీ అంటే సైడ్‌ని రెట్టింపు చేసినట్టు. మోనోలో సైడ్ మొత్తం పోతుంది కాబట్టి మిడ్‌కి నష్టం లేదు, కానీ సైడ్‌లో ఉన్న సరుకంతా పోతుంది. మీ హార్మోనియం నూటికి నూరు పాళ్లు సైడే! రీపర్‌లో కోరిలేషన్ మీటర్ పెట్టి చూడండి. ముల్లు +1 వైపు ఉంటే మోనోకి దగ్గర, సున్నా దగ్గర ఉంటే రెండు వైపులా సంబంధం లేని సరుకు, మైనస్‌లోకి పోతే మైక్ సెట్‌లో దెబ్బ ఖాయం. స్పీకర్ల దగ్గర మీకు ఇబ్బందిగా అనిపించిందీ ఆ మైనస్ వల్లే. ఒక చెవి మీద గాలి నెడుతుంటే రెండో చెవి మీద లాగుతోంది, అలాంటి శబ్దానికి దిశ ఎక్కడని పెట్టాలో మెదడుకి తెలియదు.

హనుమకొండ_హెడ్‌ఫోన్

సార్ మంచిగా చెప్పారు. నా బాధ వేరే. నేను వినేది మొత్తం హెడ్‌ఫోన్స్‌లోనే. 1960ల నాటి పాత ఇంగ్లిష్ స్టీరియో రికార్డుల్లో పాడేటోళ్లంతా కుడి చెవిలో, డ్రమ్స్ మొత్తం ఎడమ చెవిలో. ఒక ఆల్బమ్ అయ్యేసరికి తలనొప్పి. స్పీకర్ల మీద అదే ఆల్బమ్ హాయిగా ఉంటది. ఎందుకు?

సిగ్నల్‌సారు

మీ ప్రశ్నలోనే గోదారిగట్టు గారి ప్రశ్నకి సగం జవాబు ఉంది.

స్పీకర్ల ముందు కూర్చుంటే ఎడమ స్పీకర్ శబ్దం ఎడమ చెవికే కాదు, తల చుట్టూ తిరిగి కుడి చెవికీ చేరుతుంది. 30 డిగ్రీల కోణంలో స్పీకర్ ఉంటే అవతలి చెవికి దాదాపు 0.26 మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. పూర్తిగా పక్కనుంచి వస్తే 0.65 దాకా పోతుంది. పైగా తల అడ్డు రావడం వల్ల పై స్వరాలు తగ్గి చేరతాయి. లావు స్వరాలకి, అంటే బేస్ లాంటి కింది స్వరాలకి, తల అడ్డే కాదు, అవి చుట్టుకుని వెళ్లిపోతాయి. లార్డ్ రాలీ 1907లోనే విడదీసి చెప్పాడు: లావు స్వరాల దిశని చెవుల మధ్య కాలం తేడాతో, సన్న స్వరాల (పై స్వరాల) దిశని ఏ చెవిలో ఎంత గట్టిగా ఉందన్న తేడాతో గుర్తుపడతాం అని. ఆ రెండూ చేతులు మార్చుకునేది సుమారు 1500 హెర్ట్జ్ దగ్గర.

హెడ్‌ఫోన్స్‌లో ఈ దాటుడు అసలు లేదు. బేస్ డ్రమ్ ఒక్క చెవిలోనే మోగడం అనేది ప్రకృతిలో జరగదు, చెవిలో దోమ దూరితే తప్ప. మెదడుకి అది తెలుసు కాబట్టే అలిసిపోతుంది.

అంటే హెడ్‌ఫోన్స్‌లో చెవులు మరీ విడిపోయాయి, కాస్త కలపాలి. స్పీకర్లలో మరీ కలిసిపోయాయి, వెడల్పు కావాలంటే విడదీయాలి. రెండూ ఎదురెదురు పనులు. వింటున్నది ఏదో తెలియకుండా ఒకే వైడనర్ రెండింటికీ సరిపోవడం కష్టం.

క్రాస్‌ఫీడ్ చేసేది ఆ కలిపే పని. బెంజమిన్ బౌవర్ 1961లో దీని మీద వ్యాసం రాశాడు. ఇప్పుడు చాలా ప్లేయర్లలో దొరికే బీఎస్2బీ అన్న ఉచిత ఫిల్టర్ పేరులో మొదటి అక్షరం ఆయనదే. దాని మామూలు సెట్టింగ్ 700 హెర్ట్జ్, 4.5 డీబీ. చు మోయ్ పేరుతో ఉన్నది 700, 6 డీబీ. యాన్ మైయర్ పేరుతో ఉన్నది 650, 9.5 డీబీ. ఈ డీబీ అంకె పెరిగేకొద్దీ కలిపేది తగ్గుతుంది, చాలామంది తిరగేసి అనుకుంటారు.

సొంతంగా చేసుకోవాలంటే: ఎడమ సిగ్నల్‌ని 700 హెర్ట్జ్ దగ్గర లో పాస్ చేసి (అంటే ఆ పై స్వరాలని తగ్గించి), కాస్త తగ్గించి కుడిలో కలపండి, కుడిది ఎడమలో. ఆలస్యం ఇవ్వాలా అని అడుగుతారు. ఒక పోల్ ఉన్న, అంటే అన్నిటికన్నా సాదా రకం, మెత్తని లో పాస్ ఫిల్టర్ 700 దగ్గర పెడితే లావు స్వరాలని తనంతట తనే 0.23 మిల్లీసెకను ఆలస్యం చేస్తుంది. కావలసింది 0.26. ఇంకో డిలే లైను దండగ. ఇంత చిన్న సర్క్యూట్‌లో తల పని మొత్తం ఇమిడిపోవడం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

ఎడమచెవి

ముచ్చట సరే సార్, నాకు మాత్రం క్రాస్‌ఫీడ్ పెడితే దుప్పటి కప్పినట్టుంటుంది. బేస్ లావెక్కుతుంది, పైన మెరుపు పోతుంది. కొత్త పాటల్లో ఎవరూ డ్రమ్స్‌ని ఒకవైపు తోయట్లేదు. వాటికి ఇది ఎందుకు?

సిగ్నల్‌సారు

బేస్ లావెక్కడం నిజమే. రెండు వైపులా ఒకేలా ఉన్న బేస్‌కి అవతలిది వచ్చి కలుస్తుంది, పెరగక ఏమవుతుంది? మంచి క్రాస్‌ఫీడ్‌లో దానికి తగ్గట్టు సూటిగా వెళ్లే సిగ్నల్‌లో కింది భాగం తగ్గిస్తారు. మీ యాప్ ఆ పని చేస్తోందో లేదో చూడాలి. కొత్త పాటలకి అవసరం తక్కువన్నదీ ఒప్పుకుంటాను.

పోల్చి చూసేటప్పుడు మాత్రం వాల్యూమ్ సమానం చేసుకోండి. ఒక్క డీబీ గట్టిగా ఉన్నది ఎప్పుడూ బాగున్నట్టే ఉంటుంది. వైడనర్లు అమ్ముడుపోయేది సగం ఈ కిటుకు మీదే.

హనుమకొండ_హెడ్‌ఫోన్

బీఎస్2బీ పెట్టి ఆ పాత ఆల్బమ్ విన్నా. మొదటి పాటలో ఏం మారిందో అర్థం కాలేదు. రెండో పాట మధ్యలో తీసేసి చూసినా, అప్పుడు తెలిసింది! గొంతు చెవికి అతుక్కున్నట్టు అయిపోయింది. పెట్టినప్పుడు తెలియదు, తీసినప్పుడు తెలుస్తది. కానీ పాడేటోళ్లు నా ముందుకి మాత్రం రాలేదు, ఇంకా తలకాయలోనే ఉన్నరు. కుడి చెవి దగ్గర్నుంచి కుడి కన్ను దాకా వచ్చిండ్రు, అంతే.

ఎనిమిదో_డీ

ఎవరూ 8డీ ఆడియో గురించి మాట్లాడట్లేదేంటి? యూట్యూబ్‌లో మన తెలుగు పాటలు అన్నింటికీ ఉన్నాయి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే పాట తల చుట్టూ తిరుగుతుంది. అందులో పాడేవాళ్లు బయటే ఉంటారు బ్రో.

పాతటేపు

పాట తల చుట్టూ తిరగదు బాబూ, ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి ఊగుతుంది. ఒక ముక్క విన్నాక చెవులు కడుక్కోవాలి.

డబ్బింగ్‌అక్క

పాతటేపు గారూ, పిల్లలకి సరదా, పోనివ్వండి. నేను హైదరాబాద్‌లో ఒక మిక్సింగ్ థియేటర్‌లో పనిచేస్తాను. మా అబ్బాయికీ అవే ఇష్టం.

చేసే పద్ధతి మాత్రం చెప్పుకోవాలి. పాట మొత్తాన్ని దాదాపు మోనో చేసి, శబ్దాన్ని ఎడమ కుడి మధ్య దానంతటదే జరిపే ఆటో పాన్‌తో పది సెకన్లకో చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పి, పైన రివర్బ్ పోస్తారు. బయట ఉన్నట్టు అనిపించేది ఆ రివర్బ్ వల్ల. గది ప్రతిధ్వని తోడుంటే శబ్దం తలలోంచి కొంచెం బయటికి వస్తుంది, ఇది నిజమే. ఆటో పాన్‌కి ముందు, వెనక అనేవి లేవు. అది వెనక నుంచి వచ్చిందని మీరు అనుకుంటున్నారు, ఎందుకంటే కుడి నుంచి ఎడమకి రావడానికి ఇంకో దారి ఉండాలి కదా అని మీ మెదడు ఊహించుకుంటోంది. కళ్లు మూసుకుని ఏ క్షణంలో వెనక ఉందో చెయ్యెత్తి చూపించమనండి, ఇద్దరు స్నేహితులు వేర్వేరు చోట్ల చెయ్యెత్తుతారు.

ముందు, వెనక, పైన తెలియాలంటే చెవి డొప్ప ఆకారం శబ్దం మీద వేసే గుర్తులు కావాలి. వాటిని కొలిచి పెట్టిన ఫైళ్లనే హెచ్‌ఆర్‌టీఎఫ్ అంటారు. ఎంఐటీ వాళ్లు కెమార్ అనే బొమ్మ తల మీద కొలిచి 1994లో అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సోఫలైజర్ ఫిల్టర్ ఇలాంటి ఫైళ్లనే వాడుతుంది. కానీ బొమ్మ చెవి మన చెవి కాదు. నాకు ఆ ఫైళ్లతో ముందున్న గొంతు నెత్తిమీదకి ఎక్కుతుంది, మా అసిస్టెంట్‌కి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. తల కదలికని పసిగట్టే హెడ్ ట్రాకింగ్ ఉన్నవాటిలో ఈ తేడా బాగా తగ్గుతుంది. తల తిప్పితే శబ్దం ఉన్నచోటే నిలబడిందంటే చాలు, మెదడు మిగతా లోపాలన్నీ క్షమించేస్తుంది.

గోదారిగట్టు

నా పాట ఎక్కడో పోయింది గానీ చర్చ బాగుంది. హార్మోనియం ఫేజ్ తీసేశాను, గొంతు మధ్యలో ఒక్కటే ఉంచాను. మోనోలో అన్నీ వినిపిస్తున్నాయి. కానీ మళ్లీ ముద్దే! సారూ, మోనోలో చెడని వెడల్పు లేదా?

సిగ్నల్‌సారు

ఉంది, దాని వయసు 70 ఏళ్లు. లారిడ్‌సెన్ అని డెన్మార్క్ రేడియోలో పనిచేసిన ఇంజినీరు 1950ల్లో చేసి చూపించాడు. మీరు విడివిడిగా చేసిన రెండు పనులనీ కలిపితే అదే అవుతుంది.

గొంతుని మధ్యలో ఉన్నదాన్ని ఉన్నట్టే వదిలేయండి. దాని కాపీని 15 మిల్లీసెకన్లు ఆలస్యం చేయండి. ఆ ఆలస్యం కాపీని ఎడమలో మామూలుగా, కుడిలో ఫేజ్ తిప్పి కలపండి. అంటే ఆలస్యం కాపీ మొత్తం సైడ్‌లోకి పోయింది, మిడ్‌లో అసలు గొంతు తప్ప ఏమీ లేదు. ఎడమ కుడి కలిపితే కాపీలు ఒకదాన్నొకటి కొట్టుకుపోయి శుద్ధమైన గొంతు మిగులుతుంది. మైక్ సెట్ అతను ఎలా కలిపినా ఏం కాదు.

స్టీరియోలో ఏం జరుగుతుందంటే, ఎడమలో గొయ్యి ఉన్నచోట కుడిలో గట్టు, కుడిలో గొయ్యి ఉన్నచోట ఎడమలో గట్టు. స్వరాలు ఇటు కొన్ని అటు కొన్ని పరుచుకుంటాయి. మొత్తం మీద మూల స్వరూపం పోదు.

జాగ్రత్తలు రెండు. కాపీలో 300 హెర్ట్జ్ కింద కోసేయండి, లేకపోతే లావు స్వరాలు ఒక్కోటి ఒక్కో చెవికి పోయి హనుమకొండ వారి తలనొప్పి మీకూ వస్తుంది. కాపీ స్థాయి అసలుకంటే 8 నుంచి 10 డీబీ కిందే ఉంచండి. సమానంగా పెడితే హెడ్‌ఫోన్స్‌లో గొంతు ఈదుతున్నట్టుంటుంది. గొంతుకన్నా హార్మోనియానికి, తాళాలకి ఇది బాగా నప్పుతుంది.

డబ్బింగ్‌అక్క

సార్ చెప్పింది గొంతు, హార్మోనియాలకి. వంతకి మాత్రం ఎఫెక్ట్ వద్దు. ఆ నలుగురినీ రెండుసార్లు పాడించండి, ఒక టేక్ ఎడమకి, ఒకటి కుడికి. మనిషి ఒకే మాటని రెండుసార్లు ఒకేలా అనలేడు, ఆ తేడానే అసలు వెడల్పు. మోనోలో కలిసినా గోతులు స్థిరంగా ఒకచోట పడవు కాబట్టి వినడానికి ఇబ్బంది ఉండదు. ఏ ప్లగిన్ కూడా దీనికి సాటి రాదని నా గట్టి నమ్మకం.

డోలక్ ఎడమ దెబ్బ, బేస్ లాంటివి మధ్యలోనే ఉంచండి. ఎల్పీ రికార్డుల కాలంలో లావు స్వరాలు సైడ్‌లో ఉంటే గాడిలో సూది పైకీ కిందికీ ఎగిరేది, అందుకని రికార్డు గాడి కోసేవాళ్లు బేస్‌ని మోనో చేసేవారు. ఇప్పుడు సూది లేకపోయినా ఆ అలవాటు మంచిదే.

పాతటేపు

ఎల్పీలంటే గుర్తొచ్చింది. 1961లో క్యాపిటల్ రికార్డ్స్ వాళ్లు డ్యుయోఫోనిక్ అని ఒకటి తెచ్చారు. పాత మోనో పాటల్ని తీసుకుని బేస్ ఒకవైపు, సన్న స్వరాలు ఇంకోవైపు తోసి, రెంటి మధ్య చిన్న ఆలస్యం పెట్టి స్టీరియో అని అమ్మారు. ఇప్పుడు మన పాత మోనో పాటలకి కూడా ఎవరెవరో ఇంట్లో కూర్చుని అదే పని చేసి పైన స్టీరియో అని రాస్తున్నారు. మోనోని మోనోగా వింటే ఏం పోయింది? పాడినాయన ఎదురుగా నిలబడి పాడతాడు.

ఎఫ్ఎం రేడియో కూడా మిడ్, సైడ్ మీదే నడుస్తుంది, తెలుసా? కలిపిన సిగ్నల్ మామూలుగా పోతుంది, తేడా సిగ్నల్ 38 కిలోహెర్ట్జ్ మీద, దానికి గుర్తుగా 19 కిలోహెర్ట్జ్ పైలట్. సిగ్నల్ బలహీనపడితే ముందు గీపెట్టేది ఆ తేడా భాగమే, అందుకే ఊరు దాటగానే కారు రేడియో మెల్లగా మోనోకి జారుకుంటుంది.

ఎడమచెవి

కారు మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మన కార్లలో డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు. మధ్యలో ఉండాల్సిన గొంతు నాకు ఎప్పుడూ కుడి తలుపులోంచే వస్తుంది. బ్యాలెన్స్ ఎడమకి తిప్పినా అంతంత మాత్రమే.

సిగ్నల్‌సారు

ముందు వచ్చినదానిదే దిశ అని హాస్ సంగతి చెప్పాను కదా. కుడి స్పీకర్ దగ్గర, ముందు చేరుతుంది. మీటరుకి దాదాపు 2.9 మిల్లీసెకన్లు తేడా. బ్యాలెన్స్ గట్టిని మారుస్తుంది గానీ కాలాన్ని మార్చలేదు. మీ హెడ్ యూనిట్‌లో టైమ్ అలైన్‌మెంట్ ఉంటే కుడిదాన్ని ఆ మేరకు ఆలస్యం చేయండి. పక్క సీట్లో కూర్చున్నవాళ్లకి మాత్రం అన్యాయం జరుగుతుంది.

డల్లాస్‌మూర్తి

ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. అందరూ హెడ్‌ఫోన్స్‌ని కలిపే గోల చెబుతున్నారు, స్పీకర్లని విడదీసే సంగతి నేను చెబుతాను, నా పిచ్చి అదే.

ఎడమ స్పీకర్ నుంచి కుడి చెవికి దాటే శబ్దాన్ని రద్దు చేయాలంటే, కుడి స్పీకర్ నుంచి దానికి సరిగ్గా తిరగేసిన శబ్దం అదే సమయానికి పంపాలి. ఆ రద్దు శబ్దం మళ్లీ ఎడమ చెవికి దాటుతుంది, దాన్ని రద్దు చేయడానికి ఇంకొకటి, దానికి ఇంకొకటి. అలా తగ్గుకుంటూ పోతుంది. బెల్ ల్యాబ్స్‌లో అటల్, ష్రోడర్ 1960ల్లోనే దీన్ని చేశారు. బిష్ణు అటల్ మన కాన్పూర్ మనిషి. తర్వాత బాబ్ కార్వర్ సోనిక్ హోలోగ్రఫీ అని యాంప్లిఫయర్లలో పెట్టాడు. పోల్క్ వాళ్లు 1980ల్లో ఎస్‌డీఏ స్పీకర్లలో ఆ రద్దు శబ్దానికే వేరే డ్రైవర్లు పెట్టారు. ఇప్పుడు ప్రిన్స్‌టన్‌లో చుయేరీ బృందం చేసిన బాక్ ఉంది, చెవిలో మైకులు పెట్టి మన తలకే కొలిచి చేస్తారు.

ఇంట్లో చేసి చూడాలంటే స్పీకర్లని 60 డిగ్రీల నుంచి 20 డిగ్రీలకి దగ్గరగా జరపండి, అంటే మధ్య నుంచి చెరి పది డిగ్రీలు. అప్పుడు దాటే ఆలస్యం 90 మైక్రోసెకన్లు, 44.1 కిలోహెర్ట్జ్ డిజిటల్ ఫైలులో 4 శాంపిళ్లు (ఒక్కో కొలత ఒక శాంపిల్). అవతలి ఛానల్‌ని ఫేజ్ తిప్పి, 2 నుంచి 3 డీబీ తగ్గించి, ఆ 4 శాంపిళ్లు ఆలస్యం చేసి కలపాలి, వచ్చినదాన్ని మళ్లీ తిప్పి పంపాలి. ఇది సుమారు 250 నుంచి 5000 హెర్ట్జ్ మధ్యే చేయండి. కింద చేస్తే స్పీకర్ అలిసిపోతుంది, పైన తల ఒక్క సెంటీమీటరు కదిలినా లెక్క తప్పుతుంది.

ప్లగిన్ లేకుండా కూడా అవుతుంది: రెండు స్పీకర్ల మధ్య నుంచి మీ ముక్కు దాకా ఒక పరుపు నిలబెట్టండి. నవ్వకండి. మామూలు స్టీరియో పాట స్పీకర్లు దాటి గది గోడల దాకా పరుచుకుంటుంది. మా ఆవిడ వచ్చి చూసి ఒక్క మాట కూడా అనకుండా తలుపేసుకుని వెళ్లిపోయింది.

సిగ్నల్‌సారు

మూర్తి గారూ, పరుపు లేకుండా ఉన్నప్పుడు ఇంకో చిన్న నష్టం కూడా ఉంది. మధ్యలో పాన్ చేసిన గొంతు రెండు స్పీకర్ల నుంచీ వస్తుంది కాబట్టి ప్రతి చెవికీ 0.26 మిల్లీసెకను తేడాతో రెండుసార్లు చేరుతుంది. లెక్క వేస్తే 1.9 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక పల్లం. హెడ్‌ఫోన్స్‌లో ఆ పల్లం లేదు. గొంతు ఈక్యూ (స్వరాల హెచ్చుతగ్గులు సర్దే పని) హెడ్‌ఫోన్స్‌లో చేసి స్పీకర్లలో వింటే మాటలు కొంచెం వెనక్కి పోయినట్టుండటానికి ఇదొక కారణం.

డబ్బింగ్‌అక్క

గోదారిగట్టు తమ్ముడికి ఒక మాట. మూర్తి గారి రద్దు గానీ, బీఎస్2బీ గానీ నీ మిక్స్‌లో వేసి బయటికి ఇవ్వకు. అవి వినేవాళ్ల వైపు ఉండాల్సినవి. ఒకతను హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాడు, ఒకతను బ్లూటూత్ డబ్బాలో వింటాడు, నీకు తెలియదు. మిక్స్‌లో ఉండాల్సింది లారిడ్‌సెన్ లాంటివి, రెండు టేకులు, పాన్. అంతే.

గోదారిగట్టు

చేశాను అక్కా. వంత రెండు టేకులు, హార్మోనియానికి సారు చెప్పిన సైడ్ కాపీ 12 మిల్లీసెకన్లతో, తాళాలకి 9తో, గొంతు ఏమీ లేకుండా నేరుగా. మాస్టర్ మీద వైడనర్ పీకేశాను. హెడ్‌ఫోన్స్‌లో మొదటిదంత వెడల్పు లేదు గానీ హాయిగా ఉంది. ఇంటి స్పీకర్లలో ఇదే బాగుంది. మోనోలో హార్మోనియం ఉన్నది ఉన్నట్టుంది.

ఇంకో రెండు మైకులు కొంటున్నాను. ఈసారి కోలాటం ఆడుతుండగానే, గుండ్రంగా తిరుగుతుండగానే స్టీరియోలో తీయాలని. వలయం మధ్యలో పెట్టాలా, బయటా?

డల్లాస్‌మూర్తి

మధ్యలో పెట్టండి! అదే అసలైన 8డీ. కోలలు మీ చుట్టూ తిరుగుతాయి.

సిగ్నల్‌సారు

ఏ మైకులన్నదాన్ని బట్టి. 1931లో అలన్ బ్లమ్లైన్ ఈఎంఐలో స్టీరియో పేటెంట్ రాసినప్పుడే ముందూ వెనకా పట్టి పక్కల్ని వదిలేసే ఎనిమిది (8) ఆకారపు మైకులు రెండింటిని 90 డిగ్రీల్లో ఒకచోట పెట్టే పద్ధతి చెప్పాడు. అది ఎదురుగా ఉన్నవాళ్లకి అద్భుతం. వలయం మధ్యలో పెడితే మాత్రం పక్కల నుంచి దాటేవాళ్లు ఒక మైకులో సూటిగా, ఒక మైకులో తిరగేసి పడతారు, అంటే మీ పాత హార్మోనియం లాగా. వెనకవాళ్లు ఎడమ కుడి తారుమారై ముందువాళ్లలో కలిసిపోతారు. మీ దగ్గర ఎదురుగా వచ్చే శబ్దాన్నే ఎక్కువగా పట్టే కార్డియాయిడ్ మైకులు రెండుంటే వలయం బయటే నిలబెట్టండి. ఓఆర్‌టీఎఫ్ పద్ధతిలో మైకుల మధ్య 17 సెంటీమీటర్లు, 110 డిగ్రీల కోణం. ఆ దూరం మన చెవుల దూరానికి దగ్గర కాబట్టి హెడ్‌ఫోన్స్‌లో కూడా సహజంగా ఉంటుంది. వలయానికి దగ్గర అంచు, దూరపు అంచు రెండూ వినిపిస్తాయి, దగ్గరికొచ్చినప్పుడు కోలల దెబ్బ పెరుగుతుంది, తిరుగుడు అలా తెలుస్తుంది.

మోనో ముఖ్యమైతే ఒక కార్డియాయిడ్ ఎదురుగా, ఒక ఎనిమిది ఆకారపు మైకు అడ్డంగా పెట్టి మిడ్ సైడ్‌గా తీయండి. వెడల్పు ఎంత కావాలో తర్వాత ఇంట్లో కూర్చుని తేల్చుకోవచ్చు.

డబ్బింగ్‌అక్క

మధ్యలోనే కావాలంటే ఇంకో దారి, చెవుల్లో పెట్టుకునే చిన్న మైకులు. ఒక మనిషిని వలయం మధ్యలో నిలబెట్టి, అతని రెండు చెవుల దగ్గర రెండు మైకులు. హెడ్‌ఫోన్స్‌లో వెనకవాళ్లు నిజంగానే వెనక ఉంటారు. స్పీకర్లకి అది పనికిరాదు, అందుకని బయట ఓఆర్‌టీఎఫ్ కూడా పెట్టి రెండు వెర్షన్లు చేసుకో. గాలికి మైకుల మీద స్పాంజ్ వేయి.

నిలబడేవాళ్లు పాట అయ్యేదాకా తల తిప్పకూడదు. వాళ్లు తల తిప్పితే వినేవాళ్లకి వలయం మొత్తం గిర్రున తిరుగుతుంది. చుట్టూ అంతమంది ఆడుతుంటే చూడకుండా ఉండలేనివాళ్లని పెట్టకు. చిన్నపిల్లల్ని అసలే పెట్టకు.